గ్యాండర్ కథను ఆడండి, గ్యాండర్ పనినీ చేయండి: తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

ఉత్తర అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, నగర శాఖల బాధ్యులకు, సాంస్కృతిక కమిటీల వారికి నమస్కారం.

వచ్చే ఏడాది కార్యక్రమాల గురించి మీరు మాట్లాడుకునేటప్పుడు మా కోరికలు రెండూ మీ ముందుండాలని ఈ లేఖ రాస్తున్నాం. ఒకటి, ‘కమ్ ఫ్రమ్ అవే’ అనే సంగీత నాటకాన్ని మీ నగరంలో మనవాళ్ల చేత ఆడించండి. రెండు, ఆ నాటకం ఏ పనిని చూపిస్తుందో ఆ పనికి మీ శాఖను ముందే సిద్ధం చేయండి. రెండోది వదిలేసి మొదటిది మాత్రమే చేస్తే ఒక సాయంత్రం బాగా గడుస్తుంది తప్ప ఊరికి ఒరిగేదేమీ ఉండదు.

కథ తెలియని వాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాం. 2001 సెప్టెంబరు 11న ఉగ్రవాద దాడులు జరగగానే అమెరికా తన గగనతలాన్ని మూసేసింది. అట్లాంటిక్ మీద సగం దూరం దాటేసిన విమానాలు కెనడాలో దిగాల్సి వచ్చింది. న్యూఫౌండ్లాండ్ దీవిలోని గ్యాండర్ అనే ఊళ్లో 38 పెద్ద విమానాలు వరసగా దిగాయి. ప్రయాణికులు, సిబ్బంది కలిపి దాదాపు 6,600 మంది. ఊరి జనాభా పదివేలకు లోపే. అంత చిన్న ఊరికి అంత పెద్ద విమానాశ్రయం ఎలా వచ్చిందంటే, ఒకప్పుడు అట్లాంటిక్ దాటే విమానాలు అక్కడ ఆగి ఇంధనం నింపుకుని వెళ్లేవి. ఒక్క గుక్కలో సముద్రం దాటే జెట్లు వచ్చాక రద్దీ తగ్గింది, పొడవాటి రన్‌వేలు మాత్రం మిగిలాయి.

దిగిన వాళ్లను వెంటనే బయటికి రానివ్వలేదు. ఒక్కో విమానాన్నీ ఖాళీ చేయించి తనిఖీ చేసేసరికి కొందరు 28 గంటలు సీట్లలోనే కూర్చోవాల్సి వచ్చింది. బయటికి వచ్చాక కూడా చేతి సంచీ తప్ప మరే సామానూ ఇవ్వలేదు. ఊరి మీద పడ్డ పనికి రూపం ఇచ్చింది ఈ ఒక్క నిర్ణయమే. బీపీ మాత్రలు, గుండె మందులు, పిల్లల డైపర్లు, మార్చుకునే బట్టలు అన్నీ విమానాల కిందే ఉండిపోయాయి. ఊళ్లోని ఫార్మసిస్టులు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఏ మందు వాడుతున్నారో అడిగారు. ఒకే మందుకు దేశానికో పేరు ఉంటుంది కనుక వాళ్ల వాళ్ల దేశాల్లోని డాక్టర్లకు ఫోన్లు చేసి, అసలు మందేమిటో తెలుసుకుని ఇచ్చారు. దయ అనే మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు తెలియదు. ఫోను పట్టుకుని, స్పెల్లింగు రాసుకుని, మోతాదు సరిచూసే పని అది.

స్కూలు బస్సుల డ్రైవర్లు ఆ రోజుల్లో సమ్మెలో ఉన్నారు. సమ్మె పక్కన పెట్టి బస్సులు తీశారు. ఇళ్లలో వండి తెచ్చిన భోజనం పాడవకుండా ఐస్ హాకీ మైదానాన్నే ఫ్రిజ్‌గా వాడారు. హోటల్ గదులను పైలట్లకు, సిబ్బందికి కేటాయించారు. ఎందుకంటే విమానాలు మళ్లీ లేవాలంటే వాళ్లకు నిద్ర ఉండాలి. ప్రయాణికులు బడుల్లో, చర్చిల్లో, క్లబ్బు హాళ్లలో పడుకున్నారు. లూయిస్‌పోర్ట్, గాంబో, యాపిల్టన్, గ్లెన్‌వుడ్, నోరిస్ ఆర్మ్ లాంటి చుట్టుపక్కల ఊళ్లూ తలా కొందరిని తీసుకున్నాయి. ఇంటికి కబురు చెప్పుకోవడానికి టెలిఫోన్ కంపెనీ ఆరుబయట బల్లల మీద ఫోన్లు పెట్టింది.

నాటకంలో ఒక చోట టాయిలెట్ పేపర్ కావాలని టీవీలో చెబుతారు. కాసేపటికి, ఇక చాలు, దయచేసి తేవద్దని బతిమాలుకోవాల్సి వస్తుంది. జనం నవ్వుతారు. తుఫాను సహాయ శిబిరంలో ఒక్క పూట పనిచేసిన వాళ్లకు మాత్రం ఆ నవ్వు వెనకున్న సంగతి తెలుస్తుంది. ఏం కావాలో చెప్పడం సగం పని. ఎంత కావాలో, ఎప్పుడు ఆపాలో చెప్పడం మిగతా సగం. ఈ రెండో సగం చూసుకునే మనిషి లేకపోతే పాత బట్టల మూటలు హాలు నిండా పేరుకుపోతాయి, శానిటరీ ప్యాడ్లు, పాలపొడి డబ్బాలు మాత్రం ఉండవు.

గ్యాండర్ వాళ్లు సహజంగానే మంచివాళ్లు అని చప్పట్లు కొట్టి లేచి రావడం సులువు. మేం ఒప్పుకోం. మంచితనం మనవాళ్లలోనూ తక్కువేమీ లేదు. తేడా ఎక్కడంటే, ఆ ఊళ్లో లయన్స్ క్లబ్బు, మాజీ సైనికుల సంఘం, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ, రెడ్ క్రాస్, చర్చి మహిళలు అప్పటికే నెలనెలా కలిసి పనిచేస్తున్నారు. ఏ హాలు తాళం ఎవరి దగ్గరుందో, ఎవరి వంటగదిలో పెద్ద గిన్నెలున్నాయో అందరికీ తెలుసు. విమానాశ్రయం ఉన్న ఊరు కనుక ప్రమాదం వస్తే ఏం చేయాలో ఆలోచించి పెట్టుకున్నారు. 1985 డిసెంబరు 12న అక్కడే ఒక విమానం కూలి 256 మంది చనిపోయారు. ఆ విషాదం చూసిన ఊరది. మేయర్ క్లాడ్ ఎలియట్ అత్యవసర పరిస్థితి ప్రకటించేసరికి ఎవరు ఏ పని చేయాలో చాలా మటుకు తేలిపోయి ఉంది.

నాటకం సంగతికొస్తే, టొరంటోకు చెందిన భార్యాభర్తలు ఐరీన్ శాంకాఫ్, డేవిడ్ హైన్ 2011లో పదో వార్షికోత్సవం నాడు గ్యాండర్ వెళ్లి, వారాల తరబడి ఊరివాళ్లతో, తిరిగి వచ్చిన ప్రయాణికులతో మాట్లాడి దీన్ని రాశారు. 2012లో ఒంటారియోలోని షెరిడన్ కాలేజీ విద్యార్థులతో మొదటి రూపం తయారైంది. న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల కేంద్రమైన బ్రాడ్వేకి వెళ్లేముందు 2016లో గ్యాండర్ హాకీ మైదానంలోనే కచేరీగా పాడి వినిపించారు. 2017 మార్చి 12న బ్రాడ్వేలో మొదలై 2022 అక్టోబరు 2 దాకా 1,669 ప్రదర్శనలు జరిగాయి. క్రిస్టఫర్ ఆష్లీ దర్శకత్వానికి టోనీ అవార్డు వచ్చింది. లండన్‌లో 2019లో ఉత్తమ కొత్త సంగీత నాటకంగా ఒలీవియే అవార్డు అందుకుంది.

మనవాళ్లకు ఈ నాటకం తగినదని ఎందుకంటున్నామో చెబుతాం. ఇందులో కథానాయకుడు లేడు. పన్నెండు మంది నటులే ఊరివాళ్లూ, ప్రయాణికులూ. టోపీ పెట్టుకుంటే ఒకరు, కోటు విడిస్తే ఇంకొకరు. బుర్రకథలో కథకుడూ ఇద్దరు వంతలూ కలిసి యుద్ధభూమినీ దర్బారునీ కళ్లకు కట్టించడం ఎరిగిన మనకు ఈ పద్ధతి కొత్త కాదు. తారలు అక్కర్లేదు, సెట్టింగులు అక్కర్లేదు. కావలసిందల్లా ఒకరి మాట ఒకరు అందుకోగలిగిన పన్నెండు మంది.

పాత్రల పంపకంలోనే ఒక పెద్ద పాఠం ఉంది. కెవిన్ జె. అనే ప్రయాణికుడి పాత్ర, అలీ అనే ఈజిప్టు ముస్లిం వంటవాడి పాత్ర ఒకే నటుడు వేస్తాడు. కెవిన్ విసుర్లకు ప్రేక్షకులు నవ్వుతూ ఉంటారు. అదే మనిషి మరుక్షణం అలీ అయ్యేసరికి వేదిక మీద అందరూ అతని పక్కనుంచి కుర్చీ జరుపుకుంటారు. పెద్ద హోటళ్లలో పనిచేసిన వంటవాడు, వంటలో సాయం చేస్తానంటే మొదట ఎవరూ ఒప్పుకోరు. విమానం ఎక్కేముందు అతనికి జరిగే తనిఖీ మనిషిని కుంగదీసేదిగా ఉంటుంది. ఇంత ఆదరణ చూపిన చోట కూడా ఒకరి విషయంలో చెయ్యి ముడుచుకుపోయిందని నాటకం దాచకుండా చెబుతుంది. ఆ దృశ్యాన్ని దయచేసి కత్తిరించకండి. మనసు బరువెక్కుతుందని, పండగ వాతావరణం చెడుతుందని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. మన సంఘాలు ప్రాంతం పేరుతో, కులం పేరుతో చీలి నడుస్తున్న రోజులివి. ఎవరి పక్కనుంచి మనం కుర్చీ జరుపుకుంటున్నామో చూసుకోవడానికి ఈ దృశ్యం కావాలి.

‘ప్రేయర్’ అనే పాట గురించి కూడా ఇదే చెబుతాం. క్రైస్తవ ప్రార్థనతో మొదలై హీబ్రూ, సంస్కృతం, అరబ్బీ ప్రార్థనలు ఒకదాని మీద ఒకటి వచ్చి చేరతాయి. సంస్కృతంలో వినిపించేది మనకు చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన ‘అసతో మా సద్గమయ’. మన బృందాలు పాడితే ఇక్కడ ఒక పొరపాటు జరిగే ప్రమాదం ఉంది. తెలిసిన శ్లోకం రాగానే గొంతులు పైకి లేస్తాయి, మిగతా మూడూ కింద పడిపోతాయి. నాలుగూ ఒకే మట్టంలో వినపడితేనే ఆ పాటకు అర్థం. సాధనలో శ్లోకం పాడేవాళ్లను విడిగా నిలబెట్టి, అరబ్బీ పాడే గొంతు తమకు స్పష్టంగా వినపడుతోందా అని అడగండి. వినపడకపోతే తామే ఎక్కువ పాడుతున్నారని అర్థం.

ఇక ప్రదర్శన పని. మొదట హక్కులు. యూట్యూబులో చూసి మాటలు రాసుకుని ఆడేయడం చట్టరీత్యా తప్పు, రాసినవాళ్లకు అన్యాయం కూడా. హక్కులిచ్చే సంస్థకు హాలు, సీట్ల సంఖ్య, టికెట్టు ధర, తేదీలు రాసి ముందుగా దరఖాస్తు చేయాలి. ఏడాది ముందే మొదలుపెట్టండి. అనుమతి వచ్చేది ఇంగ్లీషు పాఠానికి. తెలుగు చేయాలంటే విడిగా రాతపూర్వక అనుమతి అడగాలి. అది రాకపోతే ఇంగ్లీషులోనే ఆడి, ముందు రెండు నిమిషాలు తెలుగులో పరిచయం చెప్పండి. గ్యాండర్‌ను గోదావరి జిల్లాకు మార్చేద్దామన్న ఆలోచన వద్దు. ఆ చలి, ఆ సముద్రం, ఆ ఊరి యాస ఉన్న చోటే కథ నిలబడుతుంది.

నిడివి దాదాపు 100 నిమిషాలు, విరామం లేదు. మన కార్యక్రమాలకు ఇదే అసలు పరీక్ష. మధ్యలో దాతల సన్మానం, శాలువాలు, ప్రసంగాలు ఒక్కటి దూర్చినా నాటకం అక్కడే చచ్చిపోతుంది, ఎందుకంటే ఐదు రోజుల ఒత్తిడి ఒకే ఊపున పెరుగుతూ పోవాలి. భోజనం గంటన్నర ముందే ముగించండి. దాతల పేర్లు కరపత్రంలో అచ్చువేయండి. చిన్న పిల్లలున్న తల్లిదండ్రులకు తలుపు పక్క వరస కేటాయించండి.

కుర్చీలే ఈ నాటకానికి సెట్టు. విమానం, బస్సు, బారు, చర్చి అన్నీ వాటితోనే కడతారు. చూడ్డానికి రకరకాలుగా ఉండాలి, కూర్చునే ఎత్తు మాత్రం అన్నిటిదీ ఒకటే కావాలి. లేకపోతే ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి అడుగు వేసేటప్పుడు కాలు మడతపడుతుంది. మడత కుర్చీలు, ప్లాస్టిక్ కుర్చీలు పనికిరావు. ఒంటి చేత్తో ఎత్తగలిగేంత తేలికైన చెక్క కుర్చీలు తీసుకుని, కాళ్ల కింద రబ్బరు ముక్కలు అంటించండి. విమానానికి ఒక రంగు, బస్సుకు ఒక రంగు, బారుకు ఒక రంగు టేపు నేలమీద వేసి గుర్తులు పెట్టండి. పాటలు, మాటలు పట్టుబడ్డాక కుర్చీలు చేర్చుదామనుకుంటే చివరి వారంలో అంతా మొదటికొస్తుంది. మొదటి వారం నుంచే మాటల్లేకుండా, అంకెలు లెక్కపెడుతూ కుర్చీలు మార్చడం ఒక్కటే సాధన చేయించండి. బ్రాడ్వేలో తిరిగే వేదిక ఉండేది. స్కూలు ఆడిటోరియంలో అది ఉండదు. నటులే కుర్చీలతో సహా వలయంగా తిరిగితే సరిపోతుంది. ప్రతి ప్రదర్శనకు ముందు స్క్రూలు బిగించే పని ఒకే మనిషికి అప్పజెప్పండి.

శబ్దం దగ్గర మన కార్యక్రమాలు ఎక్కువగా దెబ్బతింటాయి. పన్నెండు మందికీ ఒంటిమీద మైకులు కావాలి. నుదుటి మీద అంటించే మైకులైతే టోపీ తగిలిన ప్రతిసారీ గరగరమంటాయి. ఇందులో టోపీలు మారుతూనే ఉంటాయి. అందుకే చెవికి తగిలించి చెంప పక్కకు వచ్చే రకం తీసుకోండి. వాద్యబృందం కూడా వేదిక మీదే ఉంటుంది. తాళవాద్యాల చప్పుడు నటుల మైకుల్లోకి వచ్చేయకుండా వాళ్లను వెనక ఒక పక్కకు కూర్చోబెట్టండి. సౌండ్ చెక్ అంటే ముందు నృత్యం అయ్యాక దొరికే పది నిమిషాలు కాదు. మూడు గంటలు ఖాళీ హాలు కావాలి. అందుకని ఈ నాటకాన్ని మహాసభల కార్యక్రమాల మధ్య ఇరికించకుండా విడి సాయంత్రంగా పెట్టండి.

సంగీతంలో మనకు అనుకూలాలూ ఉన్నాయి, చిక్కులూ ఉన్నాయి. ప్రతి నగరంలో కర్ణాటక వయొలిన్ నేర్చిన పిల్లలు పదుల సంఖ్యలో ఉన్నారు. కానీ వాళ్ల తీగలు స-ప-స-ప శ్రుతిలో ఉంటాయి, ఈ సంగీతానికి జి-డి-ఎ-ఇ కావాలి. కింద కూర్చుని పట్టే పద్ధతి వదిలి నిలబడి, నటుల మధ్య నడుస్తూ వాయించాలి. ఆరు నెలలు ముందు మొదలుపెడితేనే వస్తుంది. బోరాన్ అనే ఐరిష్ చర్మవాద్యం మాత్రం డప్పు, కంజిర వాయించే వాళ్లకు త్వరగా పట్టుబడుతుంది. కుడి చేత్తో చిన్న పుల్ల పట్టి కొడుతూ, ఎడమ చేతిని లోపలి నుంచి చర్మానికి ఆనించి స్థాయి మారుస్తారు. ఇంకొకటి అగ్లీ స్టిక్. తుడుపు కర్రకు కింద పాత బూటు తొడిగి, మధ్యలో సీసా మూతలు వదులుగా మేకులతో కొట్టి, పైన రేకు డబ్బా బిగిస్తారు. నేలకేసి కొడుతూ చిన్న కర్రతో గీరతారు. మూతలు బిగుతుగా కొడితే చప్పుడే రాదు. మేకు తలకూ మూతకూ మధ్య చిన్న సందు ఉండాలి. పిల్లల చేత చేయించండి, వాళ్లే నాటకానికి మొదటి ప్రచారకులవుతారు.

ఇప్పుడు రెండో కోరిక, మాకు ఎక్కువ ముఖ్యమైనది. ఆగస్టులో, జనవరిలో మన విద్యార్థులు గుంపులుగా దిగుతారు. రోడ్డు ప్రమాదాలు, ఆకస్మిక మరణాలు, మంచు తుఫానుల్లో ఆగిపోయిన ప్రయాణాలు, చూడ్డానికి వచ్చి ఆస్పత్రి పాలైన తల్లిదండ్రులు, ఇవన్నీ మీకు కొత్త కాదు. సాయం చేసేవాళ్లు ఎప్పుడూ ముందుకొస్తున్నారు. కానీ ప్రతిసారీ వాట్సాప్‌లో మొదటి నుంచి వెతుక్కోవాల్సి వస్తోంది. ఒకే కుటుంబానికి ఇరవై మంది ఫోన్ చేసి అదే ప్రశ్న అడుగుతున్నారు.

ప్రతి శాఖా 25 ఇళ్లతో ఒక జాబితా తయారుచేయండి. పేరు, ఫోను నంబరు చాలవు. ఎన్ని రాత్రులు ఉంచుకోగలరు, మెట్లెక్కలేని వాళ్లకు కింద గది ఉందా, ఇంట్లో కుక్కా పిల్లీ ఉన్నాయా, వంట శాకాహారమా, కారులో చిన్నపిల్లల సీటు ఉందా, అర్ధరాత్రి విమానాశ్రయానికి రాగలరా, ఏ భాషలు వచ్చు, ఇంట్లో నర్సు, ఫార్మసిస్టు, లాయరు ఉన్నారా, ఇవన్నీ రాయించండి. ఇల్లు మారతారు, ఉద్యోగం మారతారు. మూడు నెలలకోసారి ఫోన్ చేసి సరిచూడకపోతే ఏడాదికల్లా జాబితా పనికిరాదు. దాన్ని గ్రూపుల్లో పంచకండి. ఇద్దరి దగ్గరే ఉండాలి, ఒకరు ఊళ్లో లేకపోతే రెండోవారు తీయగలగాలి.

మరణం సంభవిస్తే ఆ కుటుంబంతో మాట్లాడే బాధ్యత ఒక్కరికే ఇవ్వండి. మృతదేహాన్ని ఇండియాకు పంపాలంటే మరణ ధ్రువీకరణ పత్రం, దేహం చెడకుండా మందు ఎక్కించినట్టు ఎంబామింగ్ సర్టిఫికెట్, అంటువ్యాధి లేదన్న లేఖ, పాస్‌పోర్టు రద్దు, కాన్సులేట్ అనుమతి వంటివి కావాలి. వీటిలో ఎక్కువ భాగం ఫ్యునెరల్ హోమ్ ద్వారానే నడుస్తాయి. ఈ పని తెలిసిన ఫ్యునెరల్ హోమ్‌తో ఇప్పుడే మాట్లాడి, వారాంతంలో ఎవరికి ఫోన్ చేయాలో రాసిపెట్టుకోండి. విరాళాల పేజీ తెరిచేముందు డబ్బు ఎవరి పేరున వస్తుంది, దేనికి, మిగిలితే ఏం చేస్తారు అన్న మూడూ కుటుంబం చేత ఒప్పించండి. తరవాత అడిగితే గొడవలే.

గ్యాండర్‌లో దిగిన ప్రయాణికుల్లో హానా ఓరూర్క్ అనే తల్లి న్యూయార్క్ అగ్నిమాపక దళంలో పనిచేసే కొడుకు కెవిన్ కబురు కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. బ్యూలా కూపర్ అనే ఊరి మహిళ కొడుకు కూడా అదే పనిలో ఉన్నాడు. బ్యూలా ఆమె పక్కన కూర్చుంది, జోకులు చెప్పింది. కెవిన్ బతకలేదు. ఆ ఇద్దరు ఆడవాళ్ల స్నేహం తరవాత కూడా కొనసాగింది. ఇలా పక్కన కూర్చోగలిగిన వాళ్లు మీ శాఖలో ఎవరో మీకు తెలిసే ఉంటుంది. వాళ్లను వంటల కమిటీలో, పార్కింగు కమిటీలో పెట్టి అలిసిపోనివ్వకండి.

భాష రాని వాళ్లకూ ఈ జాబితా తెరిచి ఉండాలి. గ్యాండర్‌లో దిగినవాళ్లలో ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక కుటుంబం రాత్రిపూట చీకటి శిబిరం ముందు బస్సు దిగడానికి భయపడింది. ఎవరికీ ఎవరి మాటా తెలియదు. వాళ్ల చేతిలో ఉన్న బైబిలు చూసి డ్రైవరు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక నాలుగో అధ్యాయం ఆరో వచనం తీసి చూపించాడు. దేనికీ చింతపడకండి అన్న వాక్యం అది. ఏ భాషలోనైనా అంకె మారదు. భయం తీరాక దిగారు. మన శాఖల్లో కూడా నేపాలీ, స్పానిష్, అరబ్బీ వచ్చిన పొరుగువాళ్ల పేర్లు జాబితాలో చేర్చండి. మంచు తుఫాను రాత్రి తలుపు తట్టేది తెలుగువాళ్లే అయి ఉండాలని లేదు.

ఈ రెండు పనులూ ఒకే రాత్రి కలపొచ్చు. నాటకం టికెట్టుతో పాటు జాబితా ఫారం ఇవ్వండి. హాలు బయట రెండు బల్లలు, ఇరవై పెన్నులు, ఓపికగా మాట్లాడే నలుగురు మనుషులు చాలు. చప్పట్లు ఆగిన పావుగంట లోపల జనం ఫారాలు నింపుతారు, పార్కింగు దాటాక నింపరు. వచ్చిన ప్రతి ఫారానికీ 48 గంటల్లోపు ఫోన్ చేసి, ఇంట్లో మిగతావాళ్లు కూడా ఒప్పుకున్నారో లేదో అడగండి. సగం మంది వెనక్కి తగ్గినా ఫరవాలేదు, మిగిలిన సగమే అర్ధరాత్రి తలుపు తీస్తారు. జనవరి విద్యార్థులు దిగేలోపు, అంటే నవంబరు చివరికల్లా, మొదటి 25 ఇళ్లు ఖాయం కావాలి. కుర్చీల పటాలు, టేపు గుర్తుల కొలతలు, ఫారం నమూనా అడిగిన శాఖకల్లా ఇస్తాం.

ఇట్లు,
ఉత్తర అమెరికాలోని కొందరు తెలుగు రంగస్థల, సేవా కార్యకర్తలు